తలనొప్పి పోయింది, మరి చూపు మాటేమిటి?

“సూదిలో దారం ఎక్కిస్తున్నాను గదా డాక్టరుగారూ, నా చూపుకేం లోటు?”

2017లో ఒకరోజు ఓ.పి. ముగిసే వేళ ఒకావిడ నన్నడిగిన మాట ఇది. నిజమే గదా అని నేనూ అనుకున్నాను. ఆ అనుకోవడమే పొరపాటయింది. ఎలాగో చెబుతాను.

ఆవిడ మా ఊళ్ళో బట్టలు కుడుతుంది. అప్పటికి 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పయ్యాక రెండేళ్ళలో 12 కిలోల బరువు పెరిగింది. ఆ తర్వాత తలనొప్పి పట్టుకుంది. తెల్లవారుజామున లేచేసరికే తల దిమ్ముగా ఉండేది. కిందపడ్డ గుడ్డముక్క తీసుకోవడానికి వంగి లేస్తే నాలుగైదు క్షణాలు కళ్ళముందు పొగ కమ్మినట్టు అయి, మళ్ళీ మామూలయ్యేది. రాత్రి పడుకుంటే చెవిలో గుండె కొట్టుకుంటున్నట్టు హోరు. ఒకరు సైనస్ అన్నారు. ఇంకొకరు కళ్ళజోడు మార్చారు. చివరికి పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీసి గడ్డలేవీ లేవని తేల్చారు. నడుము దగ్గర సూది పెట్టి వెన్నునీటి ఒత్తిడి కొలిస్తే 38 సెంటీమీటర్లు ఉంది. పెద్దవాళ్ళలో 25కు మించకూడదు. బిళ్ళలు మొదలుపెట్టారు. రెండు నెలల్లో తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

అప్పుడు వచ్చింది నా దగ్గరికి. బిళ్ళ వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కి సూది పట్టు చిక్కడం లేదట. నోరు చేదు. పట్నానికి వెళ్ళి రావాలంటే బస్సులో పోనూ రానూ ఎనిమిది గంటలు, ఒకరోజు కుట్టుకూలి పోతుంది. “నొప్పే లేనప్పుడు ఈ బిళ్ళలు మానెయ్యకూడదా?” అంది. నేను గోడమీది అక్షరాల బోర్డు చదివించాను. రెండు కళ్ళతోనూ ఆఖరు వరుసదాకా గడగడా చదివేసింది. “అయితే మెల్లగా తగ్గించుకుంటూ ఆపెయ్యమ్మా” అని చీటీమీద రాసిచ్చాను. కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపు నా సొరుగులోనే ఉంది. అందులో బ్యాటరీలు కారిపోయి ఎంతకాలమైందో నాకే తెలియదు. అయినా, బయటికి తీయాలని నాకు తోచనే లేదు.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడ అత్తగారు వెంటబెట్టుకు వచ్చింది. “ఈమధ్య దీనికి పరాకు ఎక్కువైంది బాబూ. కుడిపక్కన పెట్టిన గ్లాసు తన్నేస్తుంది. గుమ్మానికి భుజం కొట్టుకుంటుంది. మొన్న గుడి మెట్లు దిగుతూ ఆఖరు మెట్టు చూసుకోక పడింది” అంది. తలనొప్పి లేదు. అక్షరాలు మళ్ళీ ఆఖరు వరుసదాకా చదివింది. కాని ఈసారి నేను ఆమెను కంటి విభాగానికి పంపి ఫీల్డు పరీక్ష చేయించాను. కాగితం చూసి కుర్చీలో కూలబడ్డాను. కుడికంటిలో ముక్కువైపు కింది భాగమంతా నల్లబడిపోయింది, చుట్టూ అంచులు లోపలికి కుంచించుకుపోయాయి. ఎడమ కంటిలోనూ కింద మచ్చలు మొదలయ్యాయి. సూది కనిపించే మధ్యభాగం ఒక్కటి శుభ్రంగా ఉంది.

ఆవిడ అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. “ఇంకొకళ్ళకైనా పనికొస్తుంది, రాయండి” అంది.

తలలో నీరు, కంటికి ముప్పు

మన మెదడు, వెన్నుపాము ఒక పల్చని ద్రవంలో తేలుతూ ఉంటాయి. నీళ్ళలాగే తేటగా ఉంటుంది. ఎప్పుడు కొలిచినా మొత్తం 150 మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కాని రోజుకు తయారయ్యేది దాదాపు అరలీటరు. అంటే రోజుకు మూడుసార్లు పాతనీరు పోయి కొత్తనీరు వస్తుందన్నమాట. పాతనీరు మెదడు చుట్టూ ఉన్న పెద్ద సిరల్లోకి ఇంకి రక్తంలో కలుస్తుంది. చెరువులోకి వాగు మామూలుగానే వస్తూ, తూము సగం పూడితే ఏమవుతుంది? మట్టం పెరిగి కట్టమీద ఒత్తిడి పడుతుంది. ఇక్కడ కట్ట అంటే కపాలం. అది సాగే వస్తువు కాదు, కనుక ఒత్తిడి లోపలి అవయవాలమీదే పడుతుంది.

కంటినరం వెనక్కి వెళ్ళి మెదడులో కలుస్తుంది గదా. మెదడుకున్న పొరలే ఆ నరాన్నీ తొడుగులా చుట్టి కంటిగుడ్డు దాకా వస్తాయి. ఆ తొడుగులో ఈ నీరే ఉంటుంది. తలలో ఒత్తిడి పెరిగితే అది నేరుగా కంటి వెనకదాకా పాకి నరాన్ని నొక్కుతుంది. నరంలో ఉన్న పది పన్నెండు లక్షల సన్నని పోగులలో సరఫరా నిలిచిపోయి నరం మొదలు ఉబ్బుతుంది. దీన్నే డాక్టర్లు పాపిల్లెడిమా అంటారు. కంటి లోపలికి లైటు వేసి చూస్తే కనిపిస్తుంది. ఈ వాపు ఎక్కువకాలం నిలిస్తే పోగులు చచ్చిపోతాయి. చచ్చిన పోగు తిరిగి మొలవదు.

గడ్డలు, చీము, రక్తనాళంలో అడ్డు వంటి కారణం ఏదీ కనిపించకుండానే ఒత్తిడి పెరిగి ఉండే జబ్బును ఇప్పుడు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అంటున్నారు. బి.పి.తో దీనికి సంబంధం లేదు. పేరులో హైపర్‌టెన్షన్ అన్న మాట చూసి బి.పి. బిళ్ళలు రెట్టింపు చేసుకున్నవారిని చూశాను. అలా చేసుకోకండి. వాచి ఉన్న నరానికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం కూడా మంచిది కాదు.

ఈ జబ్బును 1890లలో వర్ణించినవాడు క్వింకె అనే జర్మన్ వైద్యుడు. వెన్నులో సూది పెట్టి నీరు తీసే పద్ధతిని 1891లో తెచ్చినదీ ఆయనే. 1955లో దీనికి ‘బినైన్’ అన్న విశేషణం తగిలించారు. అంటే హాని చేయనిదని. క్యాన్సరు కాదు, ప్రాణం తీయదు అని వారి ఉద్దేశం కావచ్చు. కాని చూపు తీసే జబ్బును హాని చేయనిదని ఎలా అంటాం? ఆ మాట ఇప్పుడు వదిలేశారు. పాత చీటీల్లో మాత్రం ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. మీ చీటీలో ఉంటే దాన్ని నమ్ముకుని ఊరుకోకండి.

ఎవరికి వస్తుంది?

ఎక్కువగా 20 నుంచి 45 ఏళ్ళ మధ్య, ఈమధ్యే బరువు పెరిగిన స్త్రీలకు. ఈ మాట చెబితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఇది నిందకోసం చెప్పేది కాదు, ఎక్కడ వెతకాలో తెలియడం కోసం. సన్నగా ఉన్నవారికీ, మగవారికీ, పిల్లలకూ కూడా తలలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు వేరే కారణాల కోసం ఇంకా గట్టిగా వెతకాలి. మగవారిలో ఈ జబ్బు అరుదే. వస్తే మాత్రం చూపు బాగా దెబ్బతినే అవకాశం ఆడవారికన్నా ఎక్కువ.

మన ప్రాంతంలో మరచిపోకూడని కారణం ఒకటుంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం. ముఖ్యంగా బాలింతల్లో. బాలింతకు మంచినీళ్ళు ఎక్కువ ఇస్తే ఒళ్ళు నీరు పడుతుందని గుటకలు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గితే, కాన్పు తర్వాత సహజంగానే చిక్కబడి ఉన్న రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కాన్పయిన నెలలోపు విపరీతమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే గాలి సోకిందని కూర్చోక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ గడ్డ కరిగిన తర్వాత కూడా కొందరిలో ఒత్తిడి ఏళ్ళతరబడి నిలిచిపోతుంది. వారికీ ఈ వ్యాసంలోని జాగ్రత్తలు వర్తిస్తాయి. ఈ కారణంవల్లనే ఎం.ఆర్.ఐ.తో పాటు సిరల చిత్రం, అంటే వీనోగ్రామ్ కూడా తీయిస్తారు. అది అనవసరపు ఖర్చు కాదు.

రక్తహీనత బాగా ఎక్కువైనా, నిద్రలో గురకపెడుతూ ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నా ఒత్తిడి పెరగవచ్చు. కొన్ని మందులు కూడా కారణమవుతాయి. వాటి సంగతి తర్వాత.

నడుములో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయా?

పడిపోవు. ఈ భయంతో పరీక్ష చేయించుకోకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయినవారు నాకు తెలుసు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుముకు పైనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది. సూది పెట్టేది అంతకంటే కింద. అక్కడ ఉండేవి నీటిలో వేలాడే నరాల పోగులు. సూది తగిలితే పక్కకు జరుగుతాయి. స్కానింగు చూసిన తర్వాతే ఈ పరీక్ష చేస్తారు. తర్వాత కొన్నాళ్ళు లేచి కూర్చుంటే తలనొప్పి రావచ్చు, అది తగ్గిపోతుంది.

ఇంకో అపోహ దీనికి తలకిందులుది. “ఒకసారి నీరు తీసేశారు గదా, ఇక జబ్బు పోయినట్టే” అని. రోజుకు అరలీటరు అంటే గంటకు 20 మిల్లీలీటర్లు. పరీక్షలో తీసిన నీరు సాయంత్రానికల్లా మళ్ళీ చేరుతుంది. అది ప్రధానంగా కొలతకోసం తీసింది.

అక్షరాల బోర్డు చెప్పని సంగతి

ఇదే ఈ వ్యాసానికి అసలు విషయం. కొంచెం నిదానంగా చదవండి.

మనం చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి వాడేది కంటిచూపులో నడిమధ్య ఉన్న చిన్న భాగం. ఈ జబ్బు సాధారణంగా దాన్ని ఆఖరున ముట్టుకుంటుంది. మొదట ప్రతికంటికీ సహజంగా ఉండే గుడ్డిమచ్చ పెద్దదవుతుంది. తర్వాత ముక్కువైపు కింది భాగం పోతుంది. తర్వాత చుట్టూ అంచులు లోపలికి వస్తాయి. ఇంత జరుగుతున్నా బోర్డుమీద ఆఖరు వరుస చదవగలుగుతారు. పైగా ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండోకన్ను చాలావరకు కప్పిపుచ్చుతుంది. కనుక రోగికి తెలియదు. బోర్డు చదివించి పంపే నాబోటివాడికీ తెలియదు.

తలనొప్పిని నమ్ముకోవడం ఇంకా పొరపాటు. తలనొప్పి పోయి వాపు మిగిలిపోయేవారున్నారు. వాపు పూర్తిగా పోయి తలనొప్పి ఏళ్ళతరబడి వేధించేవారున్నారు. కొందరికి మొదటినుంచీ నొప్పే ఉండదు, కళ్ళజోడుకోసం వెళితే వాపు బయటపడుతుంది. కాబట్టి తలనొప్పి, చూపు రెండు వేరువేరు ఖాతాలు. ఒకదాని నిలువ చూసి రెండోదాని లెక్క కట్టకూడదు.

మరి దేన్ని నమ్మాలి? రెండిటిని. ఒకటి కంటిలోపల నరం చూడడం. రెండు ఫీల్డు పరీక్ష. ఈమధ్య ఓ.సి.టి. అనే యంత్రంతో నరం చుట్టూ పొర మందాన్ని కొలుస్తున్నారు. అదీ మంచిదే. కాని అందులో ఒక మెలిక ఉంది. మందం తగ్గిందంటే వాపు తగ్గిందని సంతోషిస్తాం. పోగులు చచ్చిపోయినా మందం తగ్గుతుంది! ఉబ్బడానికి పోగులే లేకపోతే వాపెక్కడిది? అందుకే ఓ.సి.టి. కాగితాన్ని ఫీల్డు కాగితం పక్కన పెట్టుకుని చదవాలి.

ఫీల్డు పరీక్షకు ఇలా వెళ్ళండి

గిన్నెలాంటి తెల్లని యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. ఒక కంటికి కప్పు వేస్తారు. మధ్యలో చుక్కనే చూస్తూ ఉండాలి. పక్కన ఎక్కడైనా మినుకుమని లైటు వెలిగినట్టనిపిస్తే చేతిలో మీట నొక్కాలి. అంతే. నొప్పి ఉండదు.

చాలామంది ఇది పాసూ ఫెయిలూ పరీక్ష అనుకుని కంగారుపడతారు. లైటు కనిపించకపోయినా ఎక్కడ తప్పుతుందోనని మీట నొక్కేస్తూ ఉంటారు. అలా నొక్కితే నష్టం మీకే. ఆ యంత్రం కావాలనే కనిపించీ కనిపించని లైట్లు వేస్తుంది. మంచి చూపున్నవారికి కూడా సగానికి సగం కనిపించవు. కనిపిస్తేనే నొక్కండి. రాత్రంతా ప్రయాణంచేసి, తిండీ నిద్రా లేకుండా వెళ్ళి కూర్చోకండి. అలసిన మనిషి ఫీల్డు లేని జబ్బు చూపిస్తుంది. కళ్ళజోడు తీసుకువెళ్ళండి. కంట్లో చుక్కలువేసి పాప పెద్దదిచేసి నరం చూస్తారు గదా, ఆ చుక్కలకు ముందే ఫీల్డు పూర్తి చేయమని అడగండి. మొదటిసారి కాగితం సరిగా రాకపోతే మళ్ళీ చేయమంటారు. విసుక్కోకండి.

కాగితాలన్నీ తారీఖు వరుసలో ఒక ఫైల్లో పెట్టుకోండి. ఒక్క కాగితం చెప్పేది తక్కువ. ఆరు కాగితాలు వరుసగా పరిస్తే జబ్బు ఎటు నడుస్తోందో పదో తరగతి పిల్లవాడికైనా తెలుస్తుంది. వీలైనంతవరకు ఒకేచోట, ఒకేరకం యంత్రం మీద చేయించుకుంటే పోల్చడం తేలిక.

ఎన్నాళ్ళకొకసారి? వాపు తీవ్రంగా ఉంటే వారం లోపలే మళ్ళీ చూడాలి. ఓ మోస్తరుగా ఉంటే నెల నుంచి మూడు నెలలకు. వాపు పోయి ఫీల్డు నిలకడగా ఉంటే ఆరు నెలలకు. ఇది సుమారు లెక్క. మీ కంటి డాక్టరు చెప్పినదే ఖాయం. ఫీల్డు యంత్రం ప్రతి ఊళ్ళో ఉండదు, నిజమే. వైద్య కళాశాలల కంటి విభాగాలలోనూ, పెద్ద కంటి ఆసుపత్రులలోనూ విచారించండి.

ఇంటిదగ్గర అప్పుడప్పుడు ఒక కన్ను అరచేత్తో మూసి గోడమీది క్యాలెండరు మధ్య అంకె చూస్తూ, చుట్టూ గళ్ళలో ఏవైనా మాయమవుతున్నాయేమో గమనించండి. తర్వాత రెండోకన్ను. తేడా ఉంటే వెంటనే వెళ్ళడానికి ఇది పనికొస్తుంది. తేడా లేదని పరీక్ష మానుకోవడానికి మాత్రం పనికిరాదు.

మందు, దాని తిమ్మిర్లు

ఎక్కువగా వాడేది అసిటజోలమైడ్. డయామాక్స్ అంటే మందులషాపువారికి వెంటనే తెలుస్తుంది. మెదడులో నీరు తయారవడాన్ని తగ్గిస్తుంది. 2014లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 165 మంది రోగులందరికీ ఉప్పు తక్కువగా ఉండి బరువు తగ్గించే ఆహారమిచ్చి, దాదాపు సగంమందికి ఈ మందు, మిగతావారికి ఉత్తిబిళ్ళ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ మెరుగయ్యారు. మందు వాడినవారి ఫీల్డు మరికాస్త ఎక్కువ మెరుగైంది. గొప్ప అద్భుతమేమీ కాదు. కాని చూపు విషయంలో ఆ కాస్తా కాస్త కాదు.

వేళ్ళలో, పెదాల చుట్టూ తిమ్మిర్లు ఈ మందుతో మామూలే. పక్షవాతం కాదు. గోలీసోడా తాగితే చురుకు పోయి చప్పగా ఉంటుంది. భయపడకండి. మూత్రం ఎక్కువగా వస్తుంది, నీరసం ఉంటుంది. కొందరికి మూత్రపిండాలలో రాళ్ళు రావచ్చు, రక్తంలో పొటాషియం తగ్గవచ్చు. అందుకని నీళ్ళు బాగా తాగాలి, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలి. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ లేక కాలేయం జబ్బున్నవారు ముందే చెప్పాలి. తిమ్మిర్లు భరించలేకపోతే మోతాదు సర్దుతారు, మందు మారుస్తారు. మీ అంతట మీరు, నాలాంటి దగ్గరి డాక్టరు మాటమీద కూడా, ఫీల్డు చూడకుండా ఆపకండి.

టోపిరమేట్ అనే మందు తలనొప్పికీ, బరువు తగ్గడానికీ పనికొస్తుంది. కాని గర్భంలో శిశువుకు హాని చేస్తుంది. కొన్ని గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుంది కూడా. పెళ్ళయిన ఆడవాళ్ళు ఈ రెండు సంగతులూ డాక్టరుతో మాట్లాడుకున్న తర్వాతే మొదలుపెట్టాలి.

బరువు

మందు పొంగును అణుస్తుంది. జబ్బును వెనక్కి తిప్పేది చాలామందిలో బరువు తగ్గడమే. మునుపటి ఏడాదిలో 5 నుంచి 15 శాతం బరువు పెరగడం ఈ జబ్బుకు దారితీస్తుందని చూశారు. పూర్తిగా అదుపులోకి రావాలంటే 15 శాతం వరకు తగ్గవలసి రావచ్చు. 80 కిలోల మనిషికి 12 కిలోలు. వినడానికి బెదురుగా ఉంటుంది గాని, మొదటి నాలుగైదు కిలోలకే నరం వాపు తగ్గడం కనిపించవచ్చు.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు మిగిలిన అన్నం పారెయ్యలేక తింటారు. పిల్లల కంచాల్లోది కూడా. అది మానితే సగం పని అయినట్టే. అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు, మజ్జిగ పెంచండి. ఊరగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ — ఇవన్నీ ఉప్పు మూటలు. సాయంత్రం జంతికల డబ్బా మూత తీయకండి. నడవండి. చీకట్లో కాదు, వెలుతురున్నప్పుడు. తలకిందులుగా వేసే ఆసనాలు మాత్రం వద్దు. ఎంత ప్రయత్నించినా తగ్గని బాగా స్థూలకాయులకు పొట్టకు చేసే ఆపరేషను ఉంది. 2021లో బ్రిటన్‌లో 66 మంది స్త్రీలమీద జరిపిన పరిశోధనలో, బరువు తగ్గించే శిక్షణకన్నా ఈ ఆపరేషనే తలలో ఒత్తిడిని ఎక్కువ తగ్గించింది.

కంటికి మంచిదని ఇచ్చే విషం

చూపు తగ్గిందనగానే బంధువులు విటమిన్ ‘ఎ’ క్యాప్సూళ్ళో, కాడ్‌లివర్ ఆయిలో తెచ్చి పెడతారు. ఈ జబ్బులో ఇంతకన్నా అపకారం లేదు. విటమిన్ ‘ఎ’ ఎక్కువైతే అదే తలలో ఒత్తిడి పెంచుతుంది. ములగాకు, కారెట్టు కూరగా తింటే భయం లేదు, మాత్రలే వద్దు. ఆ విటమిన్ కోవకు చెందినవే మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూళ్ళు. మొటిమలకూ, జ్వరాలకూ ఇచ్చే డాక్సిసైక్లిన్, మినోసైక్లిన్ కూడా ఒత్తిడి పెంచగలవు. ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్ళినా మీకీ జబ్బుందని ముందే చెప్పండి. స్టెరాయిడ్ బిళ్ళలతో వాపు కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది. బరువు పెరుగుతుంది, ఆపగానే ఒత్తిడి మళ్ళీ లేస్తుంది. సొంతంగా వాడకండి.

తలనొప్పి మిగిలిపోయినవారికి ఒక్క మాట. నెలలో 15 రోజులో అంతకు మించో నొప్పిబిళ్ళ మింగుతుంటే, ఆ బిళ్ళే తలనొప్పి తెస్తుంది. దాన్ని ఆపే పద్ధతి వేరే ఉంది, డాక్టరును అడగండి.

మందుతోనూ ఆగక చూపు తగ్గిపోతుంటే ఆపరేషన్లున్నాయి. నీటిని మెదడు నుంచో నడుము నుంచో పొట్టలోకి మళ్ళించే షంటు గొట్టం ఒకటి. కంటినరం తొడుగుకు చిన్న కిటికీలా కోసి నీరు వదిలేది ఒకటి. ఇరుకైన సిరలో స్టెంటు పెట్టడం మరొకటి. ఏది ఎవరికన్నది న్యూరో, కంటి డాక్టర్లు కలిసి నిర్ణయించాలి. షంటు పెట్టించుకున్నాం గదా అని ఫీల్డు మానకూడదు. గొట్టం పూడిపోవచ్చు, అప్పుడు ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది.

పిల్లలు పుట్టవచ్చా అని కొత్తగా పెళ్ళయినవారు అడుగుతారు. నిక్షేపంగా. ఈ జబ్బు ఒక్కటే ఉన్నంతమాత్రాన సిజేరియనే చేయాలన్న నియమం లేదు. అయితే మందుల సంగతి గర్భం దాల్చకముందే మాట్లాడుకోవాలి, ఆ తొమ్మిది నెలలూ కంటి పరీక్షలు దగ్గర దగ్గరగా ఉండాలి.

కళ్ళముందు పొగకమ్మడం రోజుకు ఒకటి రెండుసార్లు ఉండేది పదిసార్లయినా, ఒక వస్తువు పక్కపక్కన రెండుగా కనిపించినా, వాంతులు పట్టుకున్నా, ఏ కంటిలోనైనా చూపు రోజురోజుకూ మసకబారుతున్నా రేపటికి వాయిదా వేయకండి. కొద్దిమందిలో ఈ జబ్బు నాలుగు వారాల లోపలే చూపును తినేస్తుంది. మీరు పరీక్షకు వెళ్ళవలసిన తారీఖు ఇంకా నెలరోజులుందని ఆగే సందర్భం కాదు అది.

మా టైలరమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రమే పట్నం పంపించాం. మళ్ళీ మందు మొదలైంది, మోతాదు పెంచారు. రెండేళ్ళు పట్టినా 9 కిలోలు తగ్గింది. ఎడమ కంటి మచ్చలు చాలావరకు పోయాయి. కుడికంటిలో పోయింది పోయినట్టే ఉంది. నేను చేసిన పని ఆవిడకు విడమరచి చెప్పి క్షమించమన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మరి ఇకనుంచి ఎన్నాళ్ళకోసారి రావాలి?” అని అడిగింది. మూడు నెలలకోసారి పట్నం వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఆ కాగితం నాకు చూపించి గాని ఇంటికి పోదు. కత్తెర, ఇస్త్రీపెట్టె ఎడమపక్కకు మార్చుకుంది. గడపకూ, మెట్ల అంచులకూ వాళ్ళాయన తెల్లరంగు వేశాడు. పిల్లలకు దారిలో పీటలు వదలొద్దని కట్టడి. స్కూటీ అమ్మేసింది. నా ఆఫ్తాల్మోస్కోపుకు కొత్త బ్యాటరీలు వేశాను. అది ఇప్పుడు సొరుగులో కాదు, బల్లమీద ఉంటోంది.